నిన్నటి మాత్ర

కటింగ్ బల్ల దగ్గర నుంచి,
ఫిబ్రవరి 9

మా పొట్లాల డాక్టరుకి,

అక్క రాస్తున్నదేమంటే, మాత్రలు అయిపోవచ్చాయి. ఇంకా తొమ్మిది పొట్లాలే ఉన్నాయి. ఈ ఒక్క ముక్క రాసి ఊరుకుంటే "పనుంటేనే అక్కకి నేను గుర్తొస్తాను" అని మూతి ముడుస్తావు కాబట్టి మిగతా కాగితం కూడా నింపుతున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటుంది మా కోడలు. ఫోన్లో నాకు సగం మాటలే వినపడతాయి, మిగతా సగం నేనే కల్పించుకుంటాను. ఉత్తరమైతే నువ్వన్నది అన్నట్టే ఉంటుంది. పైగా మాత్రలు ఫోన్లోంచి రాలవు కదా.

ఇక్కడ పని తలకు మించి ఉంది. బడులు తెరిచేలోగా పదకొండు బడుల యూనిఫారాలు కుట్టివ్వాలి. చొక్కాల కటింగంతా నాదే. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని నమ్మి ఇంత గుడ్డ ఎవరిస్తారు చెప్పు? మా ఓనరమ్మ ఇస్తోంది. "మీ కత్తెర పడ్డాక మళ్ళీ కొలత చూడక్కర్లేదు" అంటుంది. నా పక్క స్టూలు మీద కాజాల వదిన. నువ్వు చూళ్ళేదు గానీ, ఈ షాపులో ముప్ఫై ఏళ్ళుగా నాకు తోడు ఆవిడే. కాజాలు కుట్టే మిషన్ వచ్చినా ఓనరమ్మ ఆవిణ్ణి మాన్పించలేదు, గుండీలు కుట్టిస్తోంది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఊదితే ఎగిరిపోయేట్టుంటుంది, నోరు మాత్రం మిషన్ కన్నా జోరు.

ఒక్కటే ఇబ్బంది. మాత్ర వేసుకున్నా నిద్ర ఆలస్యమవుతోంది. పగలేమో కూర్చున్న చోటే కునుకు. మొన్న చాక్‌ముక్క చేతిలో పెట్టుకుని బల్లంతా చాక్‌ముక్క కోసం వెతికాను. వదిన నవ్వలేక చచ్చింది. నేనూ నవ్వాననుకో.

నువ్వు కూడా నవ్వేసి, మాత్రలు పంపు.

మీ అక్క

*

మందుల షాపు వెనక గది నుంచి,
ఫిబ్రవరి 15

అక్కకి నమస్కారాలు.

అరవై పొట్లాలు ఇందులో పెట్టాను. షాపు అమ్మేటప్పుడు నీకోసమని తీసిపెట్టుకున్న డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి, కంగారు పడకు.

నిద్ర ఆలస్యమవుతోందంటే మందు చాలడం లేదన్నమాట. బావగారు పోయినప్పుడు నీకు ఈ మాత్ర మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయి ఉంటుంది. ఇకనుంచి ఒకటిన్నర వేసుకో. సగం మాత్రలు నేనే బ్లేడుతో కోసి విడిగా కట్టాను. భయం లేదు. నలభై ఏళ్ళలో ఈ మాత్ర నా చేతి మీదుగా ఎన్ని ఇళ్ళకి వెళ్ళిందో చెప్పలేను.

షాపు కొని మూడేళ్ళయినా ఆ అమ్మాయి నా కుర్చీ తీసెయ్యలేదు. రోజూ పదింటికి వచ్చి పేపరు చదువుకుంటూ కూర్చుంటాను. బాగా చదువుకున్న పిల్లే, కాదనను. కానీ ఒక్క చీటీ వస్తే కంప్యూటర్లో పది నిమిషాలు చూస్తుంది, వచ్చిన మనిషిని పాతిక ప్రశ్నలు అడుగుతుంది. నేనైతే మొహం చూసి ఇచ్చేవాణ్ణి. పాతవాళ్ళు ఇప్పటికీ నన్నే పలకరిస్తారు, "డాక్టరుగారూ" అని. నేను డాక్టర్ని కాదని ఒక్కసారి కూడా సరిదిద్దలేదు, నా సంగతి నీకు తెలిసిందేగా.

చాక్‌ముక్కకి నవ్వాను. నా కళ్ళజోడు రోజూ నా నుదుటి మీదే దొరుకుతుంది. ఈ వయసులో అందరం అంతే.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

ఇది చదివి చించెయ్.

పోయిన వారం షాపులో జరిగింది నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. చొక్కా చేతులు కోసేటప్పుడు గుడ్డ మంచివైపు మంచివైపుకి చూసేట్టు పరుస్తాం. అప్పుడే ఒక కోతకి కుడి చెయ్యొకటి, ఎడమ చెయ్యొకటి వస్తాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజు చెప్పే మాట ఇది. నేను గుడ్డంతా ఒకే వైపుగా పరిచి కోసేశాను. ఒకటీ రెండూ కాదు, నూట ఇరవై చేతులు, అన్నీ ఎడమవే. కుట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళేదాకా నాకు తెలియనే లేదు. ఓనరమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వదిన ఆ కట్టలు గబగబా లాగి తన స్టూలు కింద దాచేసింది, ఎవరి కంటా పడకుండా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకా ఉంది. రెండుసార్లు పడ్డాను. గడప తగిలిందని కోడలికి చెప్పాను. తగల్లేదు, కాళ్ళు వాటంతటవే తూలాయి. ఒకసారి పక్క తడిసింది. రాయడానికే చెయ్యి రావడం లేదు. దుప్పటి నేనే ఉతికి ఆరేశాను, ఆ పిల్ల చూసీ చూడనట్టు ఊరుకుంది. మర్నాడు వంటగదిలో డబ్బాలన్నిటి మీదా పేర్లు రాసి అంటించింది. "మీ అబ్బాయి ఉప్పుకి బదులు చక్కెర వేస్తున్నారత్తయ్యా" అని వాడి మీదకి నెట్టింది. వాడు వంటగదిలో అడుగు పెట్టి ఎన్నేళ్ళయిందో!

తను నీకు ఉత్తరం రాసిందట కదా. ఏం రాసిందో నేనడగను. నువ్వు మాత్రం నాతో అబద్ధం చెప్పకు. పిన్ని చివర్లో ఎలా అయిందో ఇద్దరం చూశాం. మన పేర్లు కూడా మర్చిపోయి మనల్నే ఎవరు బాబూ అని అడిగేది. నా మతి పోతోందా?

అక్క

*

మందుల షాపు వెనక గది నుంచి,
ఏప్రిల్ 8

అక్కా,

అబద్ధం చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. పిన్నికి ఇలాగే మొదలైంది. చేతిలో ఉన్నది మర్చిపోవడం, తూలడం, పగటి నిద్ర. కోడలికీ అదే రాశాను. ఒంటరిగా వదలొద్దని, పొయ్యి దగ్గరికి రానివ్వొద్దని, కత్తెర పట్టనివ్వొద్దని. నా మీద కోపం తెచ్చుకోకు.

డాక్టరుకి చూపిద్దామా అని అడిగింది. ఏ డాక్టరైనా ఇదే చెప్తాడు, పెద్దమనిషిని ఆస్పత్రుల చుట్టూ తిప్పి అలసిపోయేలా చెయ్యొద్దన్నాను. మన ఇంటి డాక్టర్ని నేను ఉండగా ఇంకొకరెందుకు?

షాపు మానెయ్యి అక్కా. నలుగురూ గొణుక్కునేదాకా ఉండటం కన్నా పరువుగా బయటికి రావడం మేలు. నిద్ర మాత్రం తగ్గకూడదు, మెదడుకి విశ్రాంతి కావాలి. ఒకటిన్నర మానకు. ఇందులో ఇంకో తొంభై పెట్టాను.

గుండె రాయి చేసుకో. నేనున్నాను.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మే నెల, తారీఖు కోడల్ని అడగాలి

తమ్ముడికి,

కత్తెర ఓనరమ్మకి ఇచ్చేశాను. తీసుకోనంది. బల్ల మీద పెట్టేసి వచ్చాను. వదిన గుమ్మం దాకా వచ్చింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదలు.

పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుంటాను. చూస్తే మధ్యాహ్నం అయి ఉంటుంది. నడుమ ఏం జరిగిందో తెలియదు.

కత్తెర ఓనరమ్మకి ఇచ్చేశాను. ఇది రాశానా? పైనే రాశాను, ఇప్పుడు చూశాను. కొట్టెయ్యను. నేనెలా ఉన్నానో నువ్వు చూడాలి.

నన్ను ఎక్కడైనా చేర్పించమని మావాడికి చెప్పాను. ముసలివాళ్ళని చూసుకునే చోటొకటి ఉందట, ఒక గదికి ఇద్దరట. జులై ఆఖరుకి మంచం ఖాళీ అవుతుందట. వాడు ఏడ్చాడు. వాడి మొహమూ కోడలి మొహమూ గుర్తుపట్టే రోజుల్లోనే వెళ్ళిపోవడం నయం కదా. నేను వాళ్ళని ఎవరు బాబూ అని అడగడం వాళ్ళు చూడకూడదు.

మాత్రలు వేసుకుంటున్నాను. ఒకటిన్నర.

అక్క

*

మందుల షాపు వెనక గది నుంచి,
జూన్ 3
(పోస్టు చెయ్యని ఉత్తరం)

అక్కా,

ఇవాళ రిటైరైన బస్సు డ్రైవరొకాయన పాత చీటీ పట్టుకుని షాపుకి వచ్చాడు. చీటీలో ఉన్నది నీ మాత్రే. ఆ అమ్మాయి వయసడిగింది. డెబ్భై ఆరన్నాడు. మాత్ర ఇవ్వకుండా ఆయన్ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. పడుతున్నారా? పగలు మత్తుగా ఉంటోందా? మాటలు మర్చిపోతున్నారా? ఎప్పుడైనా పక్క తడిసిందా? అన్నిటికీ అవునన్నాడు, చివరిదానికి మాత్రం తలొంచుకుని. నేను పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నాను.

"మనతో పాటు లివరూ కిడ్నీలూ కూడా పెద్దవయసుకొస్తాయి తాతగారూ. మందుని బయటికి పంపే పని నెమ్మదిస్తుంది. నిన్నటి మాత్ర ఒంట్లోంచి పోకముందే మీరు ఇవాళ్టిది వేసుకుంటున్నారు. అది కొవ్వులో చేరి పేరుకుంటుంది. యాభై ఏళ్ళప్పుడు సరిపోయిన మోతాదు ఇప్పుడు రెండింతలు పనిచేస్తుంది. మీది మతిమరుపు జబ్బు కాకపోవచ్చు, మందు వల్లే కావచ్చు. మీ డాక్టరుతో మాట్లాడతాను, మీరు మాత్రం ఒక్కసారిగా మానెయ్యకండి" అంది.

ఆ అమ్మాయి అడిగినవన్నీ నీ ఉత్తరాల్లో ఉన్నాయక్కా. ఒక్కటీ తప్పిపోలేదు. నీ ఒళ్ళు యాభై రెండేళ్ళ దగ్గరే ఆగిపోయిందనుకుని ఇరవై రెండేళ్ళు పొట్లాలు కట్టాను. అది చాలక ఇంకో సగం కలిపాను. నీకు పిన్ని జబ్బు లేదు. నీకు పట్టిన జబ్బు నేనే. మాకు చదువులో ఎక్కడో ఒక పేజీలో ఇది చెప్పే ఉంటారు. ఆ తర్వాత నేను పుస్తకం తెరిస్తే కదా.

ఇది నీకు ఏ మొహంతో

*

మందుల షాపు వెనక గది నుంచి,
జూన్ 6

అక్కకి నమస్కారాలు.

మంచి కబురు. నిద్రకి కొత్త మందొచ్చింది, జ్ఞాపకశక్తికి కూడా మంచిదట. పొట్లాల మీద వారం నంబర్లు వేశాను. ఒకటో వారం నుంచి వరసగా వేసుకో. వారం వారం మాత్ర చిన్నదవుతూ వస్తుంది, దాని పద్ధతే అది. వరస తప్పకూడదు, మధ్యలో మానకూడదు. కోడలి చేత్తో ఇప్పించుకో. తనకి విడిగా రాశాను, వారానికోసారి నాకు ఫోన్ చేసి నువ్వెలా ఉన్నావో చెప్పమని.

పాతవి ఇక అక్కర్లేదు, పక్కన పెట్టెయ్.

ఆ గది సంగతి సెప్టెంబరు దాకా ఆపమని మీవాడికి చెప్పు. ఎందుకని అడగొద్దు. తమ్ముడి మాటనుకుని ఊరుకో.

తమ్ముడు

*

మళ్ళీ కటింగ్ బల్ల దగ్గర నుంచే!
ఆగస్టు 14

ఒరేయ్ డాక్టరూ!

పైన ఎక్కడి నుంచి రాస్తున్నానో చూశావా? చూడకపోతే మళ్ళీ చూడు.

నాలుగో వారం పొట్లం దాకా ఏమీ తెలియలేదు. కాస్త చిరాకు, కాస్త నిద్ర తక్కువ. ఆరో వారంలో ఒకరోజు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దున పొద్దునలాగే ఉంది. పది గంటలు, పదకొండు, పన్నెండు, అన్నీ నా కళ్ళ ముందే అయ్యాయి. కోడల్ని పిలిచి "ఇవాళ గురువారం, నీ నీలం రవిక చంక దగ్గర పిగులుతోంది, తీసుకురా" అన్నాను. ఆ పిల్ల అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మావాడు ఆ గది వద్దని చెప్పేశాడు. డబ్బాల మీద కాగితాలు నేనే గోటితో గీకి పీకేశాను.

ఓనరమ్మ నా కత్తెర సొరుగులో పెట్టి తాళం వేసి ఉంచిందట, ఎవరికీ ఇవ్వలేదట. మొదటిరోజు ఇరవై చేతులు కోయమంది. కోశాను. వదిన ఒక్కొక్కటీ ఎత్తి పట్టుకుని, "కుడి, ఎడమ, కుడి, ఎడమ" అని షాపంతా వినపడేట్టు లెక్కపెట్టింది. అందరూ చప్పట్లు. నాకు సిగ్గేసింది గానీ, ఈసారి మంచి సిగ్గే.

నన్ను నాకు తెచ్చిచ్చావురా. నువ్వు చిన్నవాడివైపోయావు గానీ లేకపోతే నీ కాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని. కనపడ్డవాళ్ళందరికీ చెప్తున్నాను, మా తమ్ముడు లేకపోతే నేను ఆ గదిలో గోడ చూస్తూ కూర్చునేదాన్ని అని.

నీ చలవ నాతోనే ఆగలేదులే. వదినకి మోకాళ్ళ నొప్పులతో కంటి మీద కునుకుండటం లేదు. నీ పాత మాత్రలు నలభై దాకా మిగిలిపోయాయి. బంగారంలాంటి మందు పారెయ్యడం దేనికని ఆవిడకి ఇచ్చాను. ఒకటిన్నర చొప్పున, నువ్వు నాకు చెప్పినట్టే. "మా తమ్ముడి మందు, కళ్ళు మూసుకుని వేసుకో" అన్నాను. పది రోజులైంది. ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోందట. పగలు కూడా స్టూలు మీద జోగుతోంది, నిన్న సూది బదులు వేలు కుట్టుకుంది. ఇన్నేళ్ళ నిద్ర బాకీ మరి!

ఉత్తరం రాయి. ఫోజు కొట్టకుండా రాయి.

మీ అక్క

*

ఇంటి నుంచి,
ఆగస్టు 19

అక్కా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. వదినగారి మాట చదవగానే కోడలికి ఫోన్ చేశాను, ఆ మాత్రలు ఆవిడ దగ్గర్నుంచి వెంటనే లాక్కోమని. నిన్న పొద్దున పదింటికి ఆవిడ షాపు మెట్ల మీద పడిపోయిందని, తుంటి ఎముక విరిగిందని, నువ్వు ఆస్పత్రిలోనే ఉన్నావని చెప్పింది. మాత్రల సంగతి డాక్టర్లకి చెప్పమన్నాను. నీకు మాత్రం నేనే చెప్తానన్నాను.

ఆవిడ పడింది ఆ మాత్రల వల్లే. నువ్వు పడింది కూడా వాటి వల్లే. జూన్‌లో రాసి, పోస్టు చెయ్యకుండా సొరుగులో పడేసిన ఉత్తరం ఇందులో పెట్టాను. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

చదివావా? కొత్త మందేమీ లేదక్కా. నేను పంపింది ఆ పాత మాత్రే, వారం వారం ఇంత అని తగ్గించి కోసింది. ఆ లెక్క కూడా నాది కాదు. బంధువులావిడ ఒకరు ఉన్నారని షాపు అమ్మాయికి చెప్పాను. తను పక్క వీధి డాక్టరుతో మాట్లాడి కాగితం మీద రాయించి ఇచ్చింది. మనిషిని డాక్టరుకి చూపించండి అని కూడా గట్టిగా చెప్పింది. సరేనని తలూపి చూపించలేదు. చూపిస్తే ఈ మాత్రలు ఎవరిచ్చారని అడుగుతారు కదా. నీకు నయం చేసింది మందు కాదు, మందు తగ్గడం. నువ్వు నన్ను పొగిడి రాసిన ఉత్తరం మొదటి సగం చదివినప్పుడు నాకు చచ్చిపోవాలనిపించింది. రెండో సగం చదివాక అది కూడా చాలదనిపించింది.

పాతవి పారబొయ్యి అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. పారబొయ్యమంటే ఎందుకని అడుగుతావు. అందుకని పక్కన పెట్టెయ్ అని రాశాను. ఆ మాట దగ్గర కలం ఆగింది, నాకు బాగా గుర్తుంది. అదాటున రాసింది కాదు, ఆలోచించి రాశాను.

డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఎలాగైనా పడేదేమో అని నాలో ఒకడు గొణుగుతున్నాడు. వాడి మాట నేను వినడం లేదు, నువ్వూ వినకు. ఇంకొకటి కూడా ఉంది. నలభై ఏళ్ళలో ఎంతమంది కొడుకులు నా కౌంటరు దగ్గర నిలబడి "మా అమ్మకి మతి పోతోంది డాక్టరుగారూ" అన్నారు! అయ్యో అని తలూపి, అదే మాత్ర మళ్ళీ కట్టిచ్చి పంపాను. వాళ్ళెవరో, ఆ అమ్మలు ఏమయ్యారో నాకు తెలియదు.

నువ్వు ఏం తిట్టినా పడతాను.

తమ్ముడు

*

ఆస్పత్రి వరండా నుంచి,
ఆగస్టు 28

నీకు,

మూడు రోజులు నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. అయిదు రోజులు పట్టింది.

తప్పు మందు ఇచ్చినందుకు కాదు నా కోపం. తెలియక ఇచ్చావు. నేను కూడా తెలియక నూట ఇరవై చేతులు తగలేశాను. కానీ నేను అది దాచలేదు. రెండుసార్లు పడ్డానని రాశాను. పక్క తడిసిందని రాశాను. డెబ్భై నాలుగేళ్ళ ఆడదాన్ని, తమ్ముడికి ఆ మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా నీకు? నా సిగ్గంతా నీ ముందు విప్పి పరిచాను. నువ్వు నీ సిగ్గు ఒక్క పేజీ రాసి సొరుగులో పెట్టుకున్నావు.

మే నెలంతా నేను నా మతికి వీడ్కోలు చెప్పుకుంటూ గడిపాను. కొడుకు మొహం, కోడలి మొహం రోజూ పరీక్షగా చూసుకునేదాన్ని, రేపు గుర్తుండరేమో అని. జూన్ మూడున నీకు నిజం తెలిసింది. ఆ మర్నాడే ఒక్క ఫోన్, "అక్కకి ఏ జబ్బూ లేదు" అని కోడలితో ఒక్క మాట చెప్పి ఉంటే ఆరు వారాల ముందే నేను బతికి బట్టకట్టేదాన్ని. నీ పరువు కోసం నన్ను ఇంకో ఆరు వారాలు పిచ్చిదానిగానే ఉంచావు.

ఇక వదిన. దానికి నేనూ ఉన్నాను. కొత్తది మంచిదని రాశావు, పాతది చెడ్డదని రాయలేదు, కాబట్టి నా చేత్తో ఇచ్చాను, గొప్పలు చెప్పుకుంటూ ఇచ్చాను. ఆపరేషన్ అయ్యాక ఆవిడ కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకుని, "నీ మాత్ర పుణ్యమా అని రెండు వారాలు సుఖంగా నిద్రపోయానే" అంది. నీళ్ళు తెస్తానని బయటికి వచ్చేశాను. ఈ వరండాలోనే కూర్చున్నాను. ఆ రోజు మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాను.

మర్నాడు వెళ్ళి నా వంతు చెప్పేశాను. విని గోడవైపు తిరిగి పడుకుంది. నీ వంతు నేను చెప్పను. నువ్వు రాయి. ఆవిడకి చదువు రాదు, నేను చదివి వినిపిస్తాను. మెత్తగా రాస్తే మెత్తగా చదువుతాననుకోకు. ఏ ఒక్క మాటా మార్చను, ఏ ఒక్క మాటా దాచను.

అక్క

*

ఇంటి నుంచి,
సెప్టెంబరు 4

కాజాల అక్కగారికి నమస్కారాలు.

నా గురించి మీరు విన్నదంతా మా అక్క గొప్పగా చెప్పిందే అయ్యుంటుంది. అందులో ముఖ్యమైనది తప్పు. నేను డాక్టర్ని కాదు. మందులు అమ్మేవాణ్ణి.

మీరు వేసుకున్న మాత్ర పెద్దవయసువాళ్ళకి మంచిది కాదు. నలభై కేజీలు కూడా ఉండని మనిషికి ఒకటిన్నర అసలే పనికిరాదు. ఒక రోజు మందు మీ ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. పద్నాలుగో రోజుకి మీ ఒంట్లో ఉన్నది ఒకటిన్నర మాత్ర కాదు, ఎన్నో రోజులది కలిసి ఉంది. మీరు పొద్దున పదింటికి మెట్టెక్కుతున్నా మీ కాళ్ళు ఇంకా నిద్రలోనే ఉన్నాయి. అందుకని పడ్డారు. మెట్టు జారుడుగా ఉందని, చూసుకోలేదని మీరు అనుకుంటూ ఉంటే, అది మీ పొరపాటు కాదు.

ఈ సంగతి మీరు పడడానికి రెండున్నర నెలల ముందే నాకు తెలుసు. అక్కకి చెప్పలేదు. చెప్తే నేను తెలివితక్కువవాణ్ణని తేలిపోతుందని చెప్పలేదు. ఇంకే కారణమూ లేదు. చాలాసేపు వెతికాను, ఇంకేదైనా దొరుకుతుందేమో అని.

క్షమించమని అడగడం లేదు. అడిగితే మీరు జవాబు చెప్పాల్సి వస్తుంది. మంచం మీద ఉన్న మనిషికి ఆ పని కూడా పెట్టలేను. అక్క మీకు మాత్రలిచ్చింది నన్ను నమ్మి. ఆమె మీద కోపం ఉంటే అది కూడా నా మీదకే మళ్ళించండి.

మందుల షాపు పాత యజమాని

*

వదిన ఇంటి నుంచి,
సెప్టెంబరు 20

తమ్ముడుగారికి,

నేను చెప్తుంటే మీ అక్క రాస్తోంది. తన సొంత కవిత్వం కలిపితే కర్రతో కొడతానని చెప్పాను. ఇప్పుడు నాకొక కర్ర ఉంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. క్షమించమని అడక్కపోవడం మంచిదైంది. ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. మీ అక్క మీద కోపం నాలుగు రోజులుంది, తర్వాత పోయింది. ఆవిడ రోజూ వచ్చి నా జడ వేస్తుంటే ఎంతకాలమని గోడ చూస్తాను? మీ మీద ఉంది. మీరు ఎదురుగా లేరు కాబట్టి అది ఎటూ పోవడం లేదు.

తుంటికి ఇనప ప్లేటు వేశారు. ఇంట్లో నాలుగడుగులు నడుస్తున్నాను. మెట్లు ఇక ఎక్కొద్దన్నారు. మా షాపు ఉండేది మేడ మీద. ఓనరమ్మ మంచిది, గుండీలూ చొక్కాలూ ఇంటికే పంపిస్తానంది. కుట్టొచ్చు, చేతులు బాగానే ఉన్నాయి. కానీ ఎవరితో మాట్లాడుతూ కుట్టను? ముప్ఫై ఏళ్ళు ఆ స్టూలు నాది. ఇప్పుడు దాని మీద గుడ్డల కట్టలు పెట్టారట. మీ అక్క ఈ మాట రాయకుండా ఏడుస్తోంది. రాయమన్నాను. మీకు తెలియాలి.

ఇంకో సంగతి. ఆస్పత్రివాళ్ళు ఇచ్చినవీ, అంతకుముందువీ కలిపి తొమ్మిది రకాల మాత్రలు మింగుతున్నాను. బీపీది పదిహేనేళ్ళ కిందట రాసిచ్చింది. ఇంకొకటి ఎందుకిచ్చారో ఇచ్చినాయనకే గుర్తుండదు, ఆయనే పోయాడు. అన్నీ ఒక్కచోట పెట్టి ఈ ముసల్దానికి ఇవన్నీ కావాలా అని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మీ అక్క వాటి పేర్లన్నీ ఈ కాగితం వెనక రాసింది.

మీ షాపు కొన్న అమ్మాయికి అది చూపించండి. నా వయసు, బరువు చెప్పండి. పడ్డానని చెప్పండి, ఎందుకు పడ్డానో, ఎవరివల్ల పడ్డానో కూడా చెప్పండి. మా డాక్టర్ని ఏం అడగాలో ఆమెని చెప్పమని, చెప్పింది చెప్పినట్టు రాసి పంపండి.

మీ మాట ఒక్కటి కూడా కలపొద్దు.